ఊరికీ స్టేషనుకీ మధ్య ఆ మైలు దూరం ఎందుకొచ్చింది?

తర్వాత చదివేవారి కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు ఈ మధ్యే నార్తాంప్టన్‌కు కాపురం మార్చారు. పెద్ద ఊరు, పాత ఊరు. అయినా లండన్ నుంచి బర్మింగ్‌హాం వెళ్లే వేగవంతమైన రైళ్లు ఊళ్లోకి రాకుండా పక్కనుంచి పోతాయి. "పొగ తగిలితే గొర్రెల ఉన్ని మాసిపోతుందని మా పెద్దలు రైలును ఊళ్లో అడుగు పెట్టనివ్వలేదు" అని మీ పక్కింటి పెద్దాయన చెప్పారు. అది నిజమేనా, ఇప్పుడున్న కొత్త స్టేషనుకు వెనక చరిత్ర ఏమైనా ఉందా, ఇంగ్లండు ఊళ్ల స్టేషన్ల సంగతులు ఎక్కడ వెతకాలి అని మీరు అడిగారు.

నేను సివిల్ ఇంజనీరును. ఇరవై ఎనిమిదేళ్లు ఇంగ్లండులో రైలు కట్టలు, వంతెనల మరమ్మతు పనుల్లో గడిపి పదవీ విరమణ చేశాను. ఇప్పుడు వారానికొక రోజు ఒక కౌంటీ రికార్డుల కార్యాలయంలో పాత రైల్వే ప్లాన్లకు పట్టిక రాసే పనిలో సాయపడుతున్నాను. ఈ విషయం మీద నాకు మమకారం ఎక్కువ కాబట్టి జవాబు కొంత పొడవుగానే ఉంటుంది.

ముందు సూటిగా చెబుతాను. ఊరు రైలును తరిమేసిందన్న మాట నిజం కాదు. ఇలాంటి కథ ఇంగ్లండులో చాలా ఊళ్లలో వినిపిస్తుంది. స్టేషను ఊరికి దూరంగా ఉంటే చాలు, ఆ దూరానికి పెద్దల మొండితనాన్ని కారణంగా చెప్పుకుంటారు. వినడానికి బాగుంటుంది కాబట్టి తరం నుంచి తరానికి అందుతూ వస్తుంది. అసలు కారణం సాధారణంగా నేల వాలులో ఉంటుంది, లేదా కంపెనీల మధ్య పోరులో ఉంటుంది.

నార్తాంప్టన్ సంగతే తీసుకుందాం. లండన్-బర్మింగ్‌హాం రైలు మార్గానికి ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్సన్. బిల్లు 1832లో పార్లమెంటు ఎగువ సభలో ఓడిపోయింది. 1833లో చట్టమైంది. 1838 సెప్టెంబరు 17న మార్గం మొత్తం తెరిచారు. ఆనాటి ఇంజన్ల బలం చాలా తక్కువ. అందుకే మార్గంలో వాలు ఎక్కడా 330 అడుగుల దూరానికి ఒక అడుగు మించకూడదని స్టీఫెన్సన్ నియమం పెట్టుకున్నారు. లండన్‌లో యూస్టన్ దగ్గరి చిన్న ఎగుడును మాత్రం దీనికి మినహాయించారు. అక్కడ తొలినాళ్లలో తాడు కట్టి బండ్లను పైకి లాగేవారు.

నార్తాంప్టన్ నెన్ నది లోయలో ఉంది. ప్రధాన మార్గం మీది బ్లిస్‌వర్త్ నుంచి ఊళ్లోకి నాలుగైదు మైళ్లలో నూరడుగులకు పైగా దిగాలి. లెక్కవేస్తే దాదాపు 200 అడుగులకు ఒక అడుగు వాలు. దిగడమే కాదు, ఊరు దాటాక ఉత్తరాన ఉన్న కిల్స్‌బీ మెట్టను అందుకోవడానికి మళ్లీ అంత ఎక్కాలి కూడా. కాగితం మీద ఆ గీత గీయాలని ఏ ఇంజనీరుకూ అనిపించదు. కొందరు భూస్వాములు రైలును గట్టిగా వ్యతిరేకించిన మాట వాస్తవం. ఆ వ్యతిరేకత మార్గం పొడవునా ప్రతి జిల్లాలోనూ ఉంది. దాన్ని ఒక్క నార్తాంప్టన్ నెత్తిన రుద్దడం అన్యాయం. 1930లలోనే స్థానిక చరిత్ర పరిశోధన పట్టణ సభ తీర్మానాలను, ఉత్తరాలను ముందు పెట్టి ఇది పుక్కిటి పురాణమని చూపించింది. అయినా కథ ఇంకా బతికే ఉంది.

ఆ కథకు ఇంకో తోక కూడా ఉంది. ఊరు వద్దన్నందువల్లే కిల్స్‌బీ దగ్గర అంత కష్టమైన సొరంగం తవ్వాల్సి వచ్చిందంటారు. ఆ సొరంగం పొడవు సుమారు 2,400 గజాలు. ముందు తవ్విన పరీక్ష బావుల్లో బయటపడని నీటి ఇసుక పొర పని మధ్యలో తగిలింది. ఆవిరి యంత్రాలు పెట్టి నెలల తరబడి నీరు తోడారు. ఇరవై మందికి పైగా కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అయితే ఆ మెట్ట రైలుకు ఎలాగూ అడ్డమే. 1881లో నార్తాంప్టన్ మీదుగా చుట్టుదారి వేసినప్పుడు దానికీ సొరంగాలు తప్పలేదు. బలమైన ఇంజన్లు వచ్చాక కూడా ఆ నేల లొంగలేదంటే, 1830లలో ఊరిని నిందించి ప్రయోజనం ఏమిటి?

ఇక మీ స్టేషను చరిత్ర. ఇది తెలిశాక మీరు అక్కడ రైలు దిగే తీరు మారుతుందని నా నమ్మకం.

ఊరికి తొలి రైలు 1845 మేలో వచ్చింది. బ్లిస్‌వర్త్ నుంచి నార్తాంప్టన్‌కు, అక్కడి నుంచి నది వెంబడే పీటర్‌బరోకు వెళ్లే శాఖా మార్గం అది. స్టేషను ఊరికి దక్షిణాన, బ్రిడ్జ్ స్ట్రీట్ దగ్గర కట్టారు. 1859లో మార్కెట్ హార్‌బరో వైపు ఇంకో మార్గం వేసినప్పుడు కోట పక్కన రెండో చిన్న స్టేషను వెలిసింది. 1872లో బెడ్‌ఫర్డ్ నుంచి మిడ్లాండ్ అనే పోటీ కంపెనీ వచ్చి సెయింట్ జాన్స్ స్ట్రీట్‌లో మూడో స్టేషను తెరిచింది. ఒక ఊరు, మూడు స్టేషన్లు. వాటిలో రెండు ఒక కంపెనీవి, మూడోది దాని ప్రత్యర్థిది.

1870ల చివర్లో ఆ మొదటి కంపెనీ, లండన్ అండ్ నార్త్ వెస్టర్న్, చుట్టుదారి కోసం కోట పక్కనున్న స్టేషనును పెంచాలనుకుంది. కోట స్థలం కొని, మిగిలి ఉన్న గోడలను పడగొట్టించింది. అది మామూలు కోట కాదు. 1164లో రెండో హెన్రీ రాజు కాంటర్‌బరీ ఆర్చిబిషప్ థామస్ బెకెట్‌ను విచారణకు నిలబెట్టింది ఆ కోటలోనే. ఇప్పుడు మీరు టికెట్టు చూపించి నడిచే నేల అదే. ఊరివాళ్లు పట్టుబట్టడంతో కోట దిడ్డి వాకిలిని మాత్రం రాయి రాయి విప్పి, పక్కకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. స్టేషను బయట గోడలో ఇప్పటికీ ఉంది. రోజూ వేలమంది దాని ముందు నుంచే వెళ్తారు.

సెయింట్ జాన్స్ స్ట్రీట్ స్టేషను 1939లో, బ్రిడ్జ్ స్ట్రీట్ స్టేషను 1964 మేలో మూతపడ్డాయి. కోట స్టేషను ఒక్కటే మిగిలింది. పక్కన వేరే స్టేషన్లు లేనప్పుడు విడిగా గుర్తు ఎందుకని 1960లలో "కాజిల్" అన్న మాట తీసేశారు. మీరు చూస్తున్న భవనం 2015 నాటిది. భవనం కొత్తదైనా దాని కింది నేలలో ఎనిమిది వందల ఏళ్లకు పైబడిన కథ ఉంది.

ఊరే స్టేషనును దూరం పెట్టించిన సందర్భాలు అసలు లేవా అంటే, కొంతవరకు ఉన్నాయి. కేంబ్రిడ్జ్ అందుకు ఉదాహరణ. అక్కడ ఉద్యోగాలు చేసే మనవాళ్లకు స్టేషను నుంచి ఊరి నడిమికి మైలుకు పైగా నడవడం అలవాటే. 1845లో అక్కడికి రైలు వచ్చింది. విద్యార్థులు లండన్ దారి పట్టి పాడైపోతారని విశ్వవిద్యాలయం బెంగపడింది. చట్టంలోనే షరతులు రాయించింది. విద్యార్థుల ప్రయాణాల గురించి ఆరా తీసే అధికారం విశ్వవిద్యాలయ అధికారులకు వచ్చింది. ఆదివారం ఉదయం 10 నుంచి సాయంత్రం 5 వరకు అక్కడ ప్రయాణికులను ఎక్కించినా దించినా కంపెనీకి 5 పౌండ్ల జరిమానా. ఊరి మధ్యకు స్టేషను తెద్దామని తర్వాత వచ్చిన ప్రతిపాదనలనూ విశ్వవిద్యాలయం సాగనివ్వలేదు. అక్కడి పొడవాటి ఒంటరి ప్లాట్‌ఫారం గురించి మీరు వినే ఉంటారు. రెండు వైపులకు వెళ్లే రైళ్లూ ఒకే ప్లాట్‌ఫారం రెండు కొనల్లో ఆగేవి. అదనపు ప్లాట్‌ఫారాలు 2011లో గానీ రాలేదు.

క్రూ అనే ఊరు దీనికి తలకిందుల కథ. అక్కడ ఊరి కంటే ముందు స్టేషను పుట్టింది. 1837 జులైలో గ్రాండ్ జంక్షన్ కంపెనీ పొలాల మధ్య ఒక స్టేషను తెరిచి, దగ్గర్లోని క్రూ హాల్ అనే జమీందారీ భవంతి పేరు పెట్టింది. 1843లో అక్కడే ఇంజన్ల కర్మాగారం తెరిచారు. పనివారికి ఇళ్లు, బడి, చర్చి కంపెనీయే కట్టించింది. 1901 నాటికి జనాభా నలభై వేలు దాటింది. ఊరి పేరు చూసి స్టేషనుకు పేరు పెట్టడం లోకరీతి. ఇక్కడ స్టేషను పేరే ఊరికి వచ్చింది. కాజీపేటలో, గుంతకల్లులో రైలు చుట్టూ ఊరు పెరిగిన తీరు తెలిసిన మనకు ఇది వింతగా ఉండదు.

నాకు బాగా నచ్చిన స్టేషను డోర్చెస్టర్‌లోది, దక్షిణపు స్టేషను. 1847లో సౌతాంప్టన్ నుంచి అక్కడికి మార్గం వేసినవారు దాన్ని ఇంకా పడమరకు, ఎక్సెటర్ దాకా తీసుకెళ్లాలనుకున్నారు. ప్లాట్‌ఫారాన్ని ఆ దిక్కుకే తిప్పి కట్టారు. ఎక్సెటర్ కల నెరవేరలేదు. పదేళ్లకు రైళ్లు దక్షిణాన వేమత్ రేవుకు మళ్లాయి. మార్గం వంపు తిరిగి పోయింది, ప్లాట్‌ఫారం మాత్రం పాత దిక్కునే చూస్తూ ఉండిపోయింది. దాంతో వేమత్ నుంచి లండన్ వెళ్లే ప్రతి రైలూ స్టేషనును దాటి ముందుకెళ్లి ఆగి, వెనక్కి నడుచుకుంటూ ప్లాట్‌ఫారం చేరేది. ఒకటి రెండేళ్లు కాదు, 1970 దాకా ఇదే పద్ధతి. నెరవేరని ఒక ఆలోచన నూరేళ్లకు పైగా ప్రతి ప్రయాణికుడినీ కొన్ని నిమిషాలు కూర్చోబెట్టింది. రైలు చరిత్ర నేల మీద ఎంత గట్టిగా అచ్చు పడుతుందో నాకు అక్కడే బోధపడింది.

అసలు స్టేషను అనే భవనమే మొదట్లో ఎవరి ఊహలోనూ లేదు. 1825లో స్టాక్‌టన్-డార్లింగ్‌టన్ మార్గం మొదలైనప్పుడు దాని ముఖ్యమైన సరుకు బొగ్గు. మనుషుల కోసం గుర్రాలు లాగే బండ్లు అవే పట్టాల మీద నడిచేవి, జనం దారి పక్క సత్రాల దగ్గర ఎక్కి దిగేవారు. 1830 సెప్టెంబరు 15న లివర్‌పూల్-మాంచెస్టర్ మార్గం తెరిచాక పరిస్థితి మారింది. మాంచెస్టర్‌లో లివర్‌పూల్ రోడ్ స్టేషను ఇప్పటికీ నిలిచి ఉంది. దానికి మొదటి తరగతికి ఒక వాకిలి, రెండో తరగతికి ఇంకో వాకిలి. రైలు వంతెనల మీదుగా మేడ ఎత్తున వస్తుంది కాబట్టి జనం లోపల మెట్లెక్కి పైకి చేరేవారు. అక్కడ మనుషుల రైళ్లు 1844లోనే ఆగిపోయాయి. ఊరికి ఇంకా దగ్గరగా విక్టోరియా స్టేషను వచ్చింది. పాతది సరుకుల డిపోగా 1975 వరకు పనిచేసింది. తొలినాటి గది పాడవకుండా మిగలడానికి అదే కారణమని నేను అనుకుంటాను. వాడుక తగ్గిన స్టేషన్లను ఎవరూ తిరగగట్టరు.

ఆ కాలంలో టికెట్టు కొనడమంటే గుమస్తా ఒక పుస్తకంలో వివరాలన్నీ చేత్తో రాసి, చీటీ చించి ఇవ్వడం. గుర్రపు బండ్ల కార్యాలయాల అలవాటు అది. మనం తెలుగులో కూడా అనే "బుకింగ్" అన్న మాట ఆ పుస్తకం నుంచే పుట్టింది. సెలవు రోజున వందమంది వస్తే గుమస్తా పని అయిపోయేదాకా రైలు ఆగాల్సిందే.

దీన్ని మార్చింది ఒక చిన్న ఊరి స్టేషను. కార్లైల్ దగ్గర బ్రాంప్టన్ అనే ఊరికి మిల్టన్ అనే స్టేషను ఉండేది. 1836లో థామస్ ఎడ్మండ్‌సన్ అక్కడ పనికి చేరాడు. ఆయన లాంకాస్టర్‌కు చెందిన చెక్కపని నిపుణుడు. వ్యాపారంలో నష్టపోయి, దివాలా తీసి ఈ ఉద్యోగంలోకి వచ్చాడు. ఒకే రాతను పదే పదే రాయడం ఆయనకు నచ్చలేదు. ఊరి పేర్లు ముందే అచ్చువేసిన చిన్న అట్టముక్కలు తయారు చేశాడు. ప్రతి దాని మీదా వరుస సంఖ్య వేశాడు. రోజు చివర పెట్టెలో అడుగున మిగిలిన అట్ట సంఖ్య చూస్తే ఎన్ని అమ్ముడయ్యాయో తెలిసిపోతుంది. లెక్క తప్పే వీలు లేదు, డబ్బు నొక్కేసే వీలు లేదు. తేదీ గుద్దడానికి ఒక చిన్న యంత్రం కూడా కట్టాడు. దాన్ని వాడే కంపెనీలు మార్గంలో ఒక్కో మైలుకు ఏటా పది షిల్లింగుల చొప్పున ఆయనకు చెల్లించేవి.

ఆ అట్టముక్క పొడవు రెండుంపావు అంగుళాలు, వెడల్పు అంగుళంపావు కంటే కొద్దిగా తక్కువ. నా చిన్నప్పుడు తెనాలి స్టేషనులో మా నాన్నగారు నా అరచేతిలో పెట్టిన అట్ట టికెట్టు కొలత కూడా అదే. కౌంటరు లోపల గుమస్తా టికెట్టు అంచును ఆ నల్లటి యంత్రం గాడిలో పెట్టి లాగితే "టక్" అని శబ్దం వచ్చేది. అట్ట మీద తేదీ గుంటలు పడేవి. బొటనవేలితో తడిమితే తగిలేవి. బ్రిటన్‌లో వాటిని 1990లో ఆపేశారు. భారతీయ రైల్వే ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు వాడింది. కంబర్లాండ్‌లో ఒక మారుమూల స్టేషనులో పుట్టిన ఆలోచన తెనాలి దాకా వచ్చిందని తెలిసిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

1844లో గ్లాడ్‌స్టన్ చొరవతో ఒక చట్టం వచ్చింది. అప్పటికి ఆయన వాణిజ్య మండలి అధ్యక్షుడు. ప్రతి కంపెనీ రోజుకు కనీసం ఒక రైలును రెండు వైపులా అన్ని స్టేషన్లలో ఆపుతూ నడపాలి. వేగం గంటకు 12 మైళ్లకు తగ్గకూడదు. ఎండకూ వానకూ రక్షణ, కూర్చోవడానికి బల్లలు ఉండాలి. ఛార్జీ మైలుకు ఒక పెన్నీకి మించకూడదు. చిన్న ఊళ్ల స్టేషన్లకు జీవం పోసింది ఈ చట్టమేనని నా అభిప్రాయం. అంతకుముందు మూడో తరగతి వారిని పైకప్పు లేని బండ్లలో, కొన్నిచోట్ల సరుకు రైళ్ల వెనక తగిలించి తీసుకెళ్లేవారు.

కాలం కూడా స్టేషను గుండానే ఊళ్లోకి వచ్చింది. అప్పటిదాకా ప్రతి ఊరికీ సూర్యుణ్ని బట్టి సొంత సమయం ఉండేది. బ్రిస్టల్ లండన్ కంటే పది నిమిషాలు వెనక, మీ నార్తాంప్టన్ మూడున్నర నిమిషాలు వెనక. 1840లో గ్రేట్ వెస్టర్న్ కంపెనీ తన స్టేషన్లన్నింటిలో లండన్ సమయం పాటించడం మొదలుపెట్టింది. కొన్నేళ్లలో మిగతావి అనుసరించాయి. బ్రిస్టల్ ధాన్యపు మార్కెట్టు భవనం మీది గడియారానికి ఇప్పటికీ రెండు నిమిషాల ముల్లులు ఉన్నాయి. ఒకటి ఊరి సమయానికి, ఇంకొకటి రైలు సమయానికి. దేశమంతటికీ ఒకే సమయమని చట్టం చేసింది మాత్రం 1880లోనే.

ఇప్పుడు మూతపడ్డ స్టేషన్ల మాట. ఇది నాకు బాధ కలిగించే భాగం. 1963 మార్చి 27న బ్రిటిష్ రైల్వే బోర్డు అధ్యక్షుడు డాక్టర్ రిచర్డ్ బీచింగ్ నివేదిక బయటికొచ్చింది. 2,363 స్టేషన్లను, సుమారు 5,000 మైళ్ల మార్గాలను మూసేయాలని అందులో ఉంది. దేశంలోని స్టేషన్లలో సగం మొత్తం రాబడిలో రెండు శాతం మాత్రమే తెస్తున్నాయని ఆయన లెక్క. ఆ లెక్క కోసం 1961 ఏప్రిల్‌లో ఒకే ఒక్క వారం రద్దీని కొలిచారు. సముద్ర తీరపు ఊళ్లకు రాబడి వచ్చేది వేసవిలో. ఏప్రిల్ వారం చూసి వాటి తలరాత తేల్చడం సబబు కాదని అప్పుడే చాలామంది అన్నారు. ఇంజనీరుగా నేనూ అదే అంటాను. అయితే తప్పంతా బీచింగ్ నెత్తిన వేయడం కూడా సరికాదు. అంతకు ముందు పదిహేనేళ్లలోనే బస్సులు, సొంత కార్ల పోటీకి తట్టుకోలేక వేల మైళ్లు మూతపడ్డాయి.

మాన్స్‌ఫీల్డ్ లాంటి పెద్ద పారిశ్రామిక పట్టణం 1964లో స్టేషను పోగొట్టుకుంది. ముప్పై ఏళ్లకు పైగా అక్కడ రైలే లేదు. తిరిగి 1995లో తెరిచారు. కోర్బీ కథ ఇంకా విచిత్రం. 1966లో మూసి, 1987లో తెరిచి, 1990లో మళ్లీ మూసి, 2009లో కొత్త భవనంతో మళ్లీ తెరిచారు. ఈశాన్యంలో ఆషింగ్టన్‌కు 1964లో ఆగిన రైలు 2024 డిసెంబరులో తిరిగొచ్చింది, అరవై ఏళ్ల తర్వాత. ఇవన్నీ సాధ్యమైంది పట్టాల దారి మిగిలి ఉండటం వల్లే. మార్గం మూసిన వెంటనే స్థలం అమ్మేసి ఇళ్లు, రోడ్లు కట్టిన చోట ఆ ఆశ లేదు.

ఆల్న్‌విక్ అనే ఊళ్లో 1968లో మూసిన స్టేషను ఇప్పుడు పెద్ద పాత పుస్తకాల దుకాణం. వెయిటింగు గదిలో చలికాలంలో నిప్పు రాజేస్తారు. దాని పక్కన కూర్చుని జనం పుస్తకాలు చదువుకుంటారు. నేను అక్కడికి వెళ్లినప్పుడల్లా పైకప్పు ఇనుప దూలాలు చూస్తూ మెడ నొప్పి పుట్టేదాకా నిలబడతాను.

మీ మూడో ప్రశ్న, ఎక్కడ వెతకాలి? పుస్తకాల కంటే ముందు కాళ్లకు పని చెప్పండి. స్టేషను పక్క కారు పార్కింగు ఊరి అవసరానికి మించి విశాలంగా ఉంటే అది ఒకప్పటి గూడ్స్ యార్డు. బొగ్గు, పశువులు, ధాన్యం, పాల క్యాన్లు దిగింది అక్కడే. రైలు వచ్చాక ఊళ్లో మొదట తగ్గింది బొగ్గు ధర. ప్లాట్‌ఫారం చూరు అంచున వేలాడే రంపపు పళ్ల చెక్కలను పరిశీలించండి, ఒక్కో కంపెనీ చెక్కించిన తీరు ఒక్కోలా ఉంటుంది. బల్లల ఇనుప కాళ్ల మీద కంపెనీ పేరు పొడి అక్షరాలు పెనవేసి ఉంటాయి. పొగగొట్టాలు లెక్కపెట్టండి. ఎన్ని ఉంటే లోపల అన్ని నిప్పుగూళ్లు, దాదాపు అన్ని గదులు ఉండేవి. అందులో ఆడవారి వెయిటింగు గది ఒకటి, స్టేషన్ మాస్టరు ఇల్లు ఒకటి.

తర్వాత పాత పటాలు. స్కాట్లాండ్ జాతీయ గ్రంథాలయం తన వెబ్‌సైటులో ఇంగ్లండుకు చెందిన పాత సర్వే పటాలను కూడా ఉచితంగా పెట్టింది. మైలుకు ఆరు అంగుళాల పటం, ఇరవై ఐదు అంగుళాల పటం రెండూ ఉన్నాయి. ఇప్పటి ఉపగ్రహ చిత్రాన్ని పక్కన పెట్టుకుని చూడవచ్చు. బ్రిడ్జ్ స్ట్రీట్ దగ్గర మొదలుపెట్టి చూడండి, మూసిన పట్టాలు ఇప్పటి వీధుల మధ్య నుంచి తేలివస్తాయి. రైలు వేళల కోసం బ్రాడ్‌షా పట్టికలు ఉన్నాయి. 1839 నుంచి 1961 దాకా వచ్చాయి, చాలా గ్రంథాలయాల్లో ప్రతులు దొరుకుతాయి. మనుషుల కోసం జనాభా లెక్కల పుస్తకాలు. 1851 నుంచి ప్రతి ఒక్కరి వృత్తి, పుట్టిన ఊరు రాశారు. స్టేషను పక్క వీధి తీసుకుని చదివితే పోర్టర్లు, సిగ్నల్ మనుషులు ఏయే కౌంటీల నుంచి వలస వచ్చారో కనిపిస్తుంది. 1931 నాటివి మాత్రం 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. కంపెనీల సొంత రికార్డులు లండన్‌లోని క్యూ జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి.

అన్నిటికంటే విలువైనవి మాత్రం కౌంటీ రికార్డుల కార్యాలయంలో ఉండే ప్లాన్లు. రైలు వేయాలనుకున్న ప్రతి కంపెనీ పార్లమెంటుకు వెళ్లే ముందు నవంబరు 30 లోపు మార్గం పటాన్ని కౌంటీలో దాఖలు చేయాలని నియమం. 1845లో ఆ గడువు ఆదివారం పడింది. రైలు వాటాల పిచ్చి తారస్థాయిలో ఉన్న ఏడాది అది. అర్ధరాత్రి దాకా గుర్రాల మీద, ప్రత్యేక రైళ్లలో గుమస్తాలు పటాలు మోసుకుంటూ లండన్‌కు పరిగెత్తారు. ఆ మరుసటి ఏడాది పార్లమెంటు 250కి పైగా రైలు చట్టాలు చేసింది. వాటిలో చాలా మార్గాలు ఎన్నడూ వేయలేదు. వాటి పటాలు మాత్రం భద్రంగా ఉన్నాయి.

ఆ పటం ఎలా ఉంటుందో చెబుతాను. పొడవాటి కాగితం చుట్ట, కొన్నిటికి వెనక గుడ్డ అతికించి ఉంటుంది. బల్ల మీద పరిచి, మూలల మీద మెత్తటి బరువులు పెడతాం. మధ్యలో మార్గం గీత, అటూ ఇటూ చుక్కల గీతలు. ఆ చుక్కల మధ్య ఎక్కడైనా మార్గాన్ని జరుపుకోవచ్చని అర్థం. ప్రతి పొలానికీ, దొడ్డికీ, ఇంటికీ ఒక సంఖ్య. పటంతో పాటు ఒక పుస్తకం ఉంటుంది. అందులో ఆ సంఖ్యకు ఎదురుగా భూమి ఎవరిది, కౌలు ఎవరిది, అనుభవంలో ఎవరున్నారు అని మూడు వరసలు. మన గ్రామాల అడంగల్, పహాణీ తిప్పిన చేతులకు ఇది వెంటనే పట్టుబడుతుంది. పందుల కొట్టం, కూరగాయల మడి, మూలనున్న చిన్న గుడిసె, అన్నీ అందులో ఉంటాయి. రైలు చరిత్రలో పేరు కనిపించని పేద కౌలుదారు పేరు అక్కడ కనిపిస్తుంది. మార్గం పొడవునా నేల ఎత్తుపల్లాల కోత చిత్రం కూడా అదే చుట్టలో ఉంటుంది, వాలు అంకెలతో సహా. ఊరు రైలును తరిమిందా, నేలే తిప్పిందా అన్న ప్రశ్నకు జవాబు చెప్పేది ఆ చిత్రమే.

కాబట్టి మీరు మొదట చేయాల్సిన పని ఇది. నార్తాంప్టన్‌షైర్ రికార్డుల కార్యాలయానికి ముందుగా ఉత్తరం రాసి, లండన్-బర్మింగ్‌హాం మార్గపు దాఖలా ప్లాన్, దాని భూముల పుస్తకం చూడాలని అడగండి. పెన్ను బయట పెట్టి పెన్సిలు తీసుకెళ్లండి, లోపల పెన్నుకు అనుమతి ఉండదు. బ్లిస్‌వర్త్ ఉన్న పుట తెరిచి, నేల ఎత్తు అంకెలు రాసుకోండి. వీలైతే పక్కింటి పెద్దాయనను కూడా వెంట తీసుకెళ్లండి. తిరిగి వచ్చేటప్పుడు స్టేషను ముందు ఆగి, ఆ దిడ్డి వాకిలి రాళ్ల మీద ఒకసారి చెయ్యి వేసి చూడండి. అక్కడ అర్థం కాని అంకెలు, గుర్తులు ఏవైనా ఎదురైతే రాసి పంపండి, విప్పి చెబుతాను.